మామ జీవాలు, నా చేను, ఆరంగుళాల పైపు ముక్క

కదిరిలో నాకు మోటార్ల వైండింగు షాపు ఉంది. పొద్దున షట్టరు ఎత్తేసరికి కాలిపోయిన బోరు మోటారు ఒకటో రెండో గడప ముందు పడి ఉంటాయి. మోటారు విప్పితే బోరు కథ తెలిసిపోతుంది. ఇంపెల్లర్లు, అంటే నీళ్లను పైకి నెట్టే చక్రాలు, అరిగి ఉంటే బోరు ఇసుక తోలుతోందని, కాయిలు బొగ్గులా మాడి ఉంటే నీళ్లు లేకుండా తిరిగిందని. ఇరవై ఏళ్లుగా ఇదే పని కాబట్టి నీళ్ల సంగతి నాకు బాగా తెలుసనుకునేవాణ్ణి. నాకు తెలిసిందల్లా నేల కింది నీళ్లే. నేల మీద నీళ్లు ఎట్లా నడుస్తాయో 2021 నవంబరు దాకా పట్టించుకోలేదు.

మా పల్లె తలుపుల వైపు. ఊరి వెనక గుట్ట, గుట్ట వాలులో మాకు నాలుగెకరాల ఎర్ర గరుసు చేను. ముంగారిలో శెనక్కాయ వేస్తాం, మధ్యలో కంది సాళ్లు. కదిరిలో ఉంటూనే సేద్యం కూడా వదల్లేదు. చేనికి పైన గట్టు దాటితే ఊరుమ్మడి గుట్ట. అక్కడ మా మేనమామ జీవాలు మేపుతాడు. నూట ఇరవై దాకా గొర్రెలు, ఒక పదిహేను మేకలు. మా వైపు జీవాలంటే గొర్రెలూ మేకలూనే, ఆవునూ ఎద్దునూ ఆ మాట అనం.

ఆ నవంబరు వానలు ఈ సీమలో ఎవరూ మర్చిపోరు. కదిరి పాతూరులో ఇల్లు కూలి మనుషులు పోయింది ఆ వానలకే. షాపు మూసుకుని ఇంట్లోనే ఉన్నా. వాన తెరిపిచ్చాక చేనికి పోతే కింది గట్టు మూడు చోట్ల తెగి ఉంది. చేని నడుమ పైనుంచి కిందిదాకా మోకాటి లోతు కోత. నా మట్టి పక్కవాళ్ల చేనిలో ఇసుక మేటై పడి ఉంది, మెత్తటి మట్టి అక్కడ కూడా ఆగకుండా వంకలోకి పోయింది. కింద చెరువుకు పోయి చూస్తే నీళ్లు ఇటుకపొడి కలిపినట్టు ఉన్నాయి.

కాయిల్ చుట్లు లెక్కపెట్టే అలవాటు కదా, ఆ రాత్రి కాగితం తీసుకుని కూర్చున్నా. ఎకరా మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే నాలుగు వేల లీటర్లు. యాభై మిల్లీమీటర్ల వానంటే రెండు లక్షల లీటర్లు, ఐదు వేల లీటర్ల ట్యాంకర్లయితే నలభై. అందులో సగం ఇంకకుండా జారిపోయిందనుకున్నా నా నాలుగెకరాల మీద నుంచి ఒక్క వానకే ఎనభై ట్యాంకర్లు పోయినట్టు. మట్టి లెక్క ఇంకా బాధగా ఉంటుంది. ఎకరాలో ఒక్క మిల్లీమీటరు మందం మట్టి, అంటే గోరంత కూడా కాదు, కొట్టుకుపోతే దాదాపు ఆరు టన్నులు. ట్రాక్టరుతో రెండు ట్రిప్పులు. చెరువు మట్టి తోలించుకోవడానికి ట్రిప్పుకు ఇంతని డబ్బులిచ్చి, అదే మట్టిని ఉత్తపుణ్యానికి చెరువుకు పంపుతున్నామన్నమాట.

మరుసటి రోజు పొద్దున్నే మామ దగ్గరికి పోయి గొడవేసుకున్నా. "నీ జీవాలు గుట్టంతా బోడి చేసినాయి మామా, అందుకే నీళ్లు నా చేని మీద పడినాయి" అన్నా. పెద్దాయన అరవలేదు. తలగుడ్డ విప్పి దులిపి మళ్లీ చుట్టుకుని, "పద, సూద్దాం" అన్నాడు.

ఆ పొద్దు గుట్ట మీద చూసినవి ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉన్నాయి. గట్టు దాటి పదడుగులు ఎక్కగానే తంగేడు చెట్టొకటి. దాని మొదలు చుట్టూ వేర్లు నాలుగు వేళ్ల ఎత్తున బయటికి వచ్చి ఉన్నాయి, గద్ద కాలిగోళ్లతో నేలను పట్టుకున్నట్టు. ఒకప్పుడు మట్టి ఆ వేర్ల పైదాకా ఉండేదని చెప్పడానికి ఇంకే సాక్ష్యం కావాలి? ఇంకొంచెం పైకి పోతే గొర్రెల దారులకు మధ్య ఉత్త నేల. అక్కడ మామ కూర్చుని ఒక గులకరాయి చూపించాడు. రాయి చిటికెన వేలి ఎత్తు మట్టి స్తంభం మీద నిలబడి ఉంది, మండపంలాగా. చుట్టూ అట్లాంటివి వందలు. చినుకు పడ్డ చోటల్లా మట్టి ఎగిరిపోయింది, రాయి గొడుగు పట్టిన చోట మాత్రం మిగిలింది. చెప్పు అంచుతో తాకితే ఆ స్తంభాలు పొడి అయిపోయాయి. నలభై ఏళ్లుగా ఆ గుట్ట ఎక్కి దిగుతున్నా, అవి ఒక్కసారి కూడా నా కంటికి ఆనలేదు.

మళ్లీ నా చేనికి దిగి వచ్చాం. మామ గట్టు మీద నిలబడి, "ఇది ఎవురు దున్నినారు?" అన్నాడు.

"ట్రాక్టరు."

"ఎట్ల దున్నినారు?"

అప్పటికి నాకు వెలగలేదు. చేను పొడుగంతా వాలు వెంబడే ఉంది. ట్రాక్టరోడు పొడుగు సాలు చూసుకుని పైనుంచి కిందికి దున్నాడు. మలుపులు తక్కువైతే వాడికి డీజిలు కలిసొస్తుంది. గొర్రుతో విత్తనం వేయించింది కూడా అదే వరసలో. అంటే చేనంతా నీళ్లకు నేనే కాలువలు తీసి పెట్టా. దానికి తోడు శెనక్కాయ సంగతి తెలిసిందే. జొన్నయితే కోసినా మోడు మిగులుతుంది, శెనక్కాయ చెట్టును వేరుతో సహా పీకుతాం. నేల గుల్లబారి, పైన ఆకు కూడా లేకుండా ఉన్నప్పుడే వచ్చి పడ్డాయి నవంబరు వానలు. "నా గొర్రె నీ చేనిలో ఒక్క సాలు తీసిందా అల్లుడా?" అన్నాడు మామ. ఆయన వాదనలో సగం నిజం ఉంది. మిగతా సగం తేల్చడానికే నా పైపు ముక్క.

షాపులో బోరు కేసింగు పైపు తుంపులు ఎప్పుడూ ఉంటాయి. ఆరంగుళాల పైపు జానెడు పొడుగు కోసి, ఒక అంచును రంపంతో పదును చేశా. నేలలో రెండంగుళాలు దిగేట్టు పైన చెక్క పెట్టి కొట్టడం, అందులో లీటరు నీళ్లు పోయడం, ఫోన్‌లో టైం చూడటం. ఇంతే పరీక్ష. వ్యవసాయ శాస్త్రవేత్తలు ఇదే పనిని రెండు రింగులతో, గంటల తరబడి, పద్ధతిగా చేస్తారు. నాకు ఒక చోటుకూ ఇంకో చోటుకూ తేడా తెలిస్తే చాలు.

గుట్ట మీద బలుసు పొద కింద, జీవాలు మూతి పెట్టలేని చోట, ఆకులు కుళ్లిన నల్లటి మట్టి. లీటరు నీళ్లు రెండు నిమిషాలు కూడా నిలవలేదు. పొదకు నాలుగడుగుల పక్కన మేసిన నేల మీద పదకొండు నిమిషాలు. గొర్రెల దారి మీద పోసి బీడీ వెలిగించిన మామ, రెండో బీడీ కూడా కాల్చేశాడు. యాభై నిమిషాల తర్వాత కూడా అడుగున తడి మెరుస్తూనే ఉంది. "ఇది తారు రోడ్డే కదబ్బా" అని ఆయనే అన్నాడు. నేను గెలిచాననుకున్నా. అప్పుడు పైపు నా చేతిలోంచి లాక్కుని చేనిలోకి దిగి, ట్రాక్టరు పెద్ద టైరు పోయిన జాడ మీద పెట్టి కొట్టాడు. ముప్పై ఐదు నిమిషాలు.

దాని మీద కూడా ఒక లెక్క వేశా. మా నెల్లూరు జాతి గొర్రె బరువు ముప్పై కిలోల పైమాటే. గిట్ట జాడను గళ్ల కాగితం మీద అద్ది కొలిస్తే పదహారు చదరపు సెంటీమీటర్ల దాకా వచ్చింది. నాలుగు కాళ్ల మీద నిలబడితే చదరపు సెంటీమీటరుకు అర కిలో బరువు. నడిచేటప్పుడు రెండు కాళ్ల మీదే మోపుతుంది కాబట్టి ఒక కిలో. ట్రాక్టరు వెనక టైరు నేలను నొక్కేది కూడా కొంచెం అటూ ఇటూ అంతే. తేడా ఏమిటంటే ట్రాక్టరు ఏడాదికి నాలుగుసార్లు వస్తుంది. నూట ముప్పై ఐదు జీవాలు, ఐదు వందల నలభై గిట్టలు, రోజూ పొద్దున ఎక్కి సాయంత్రం దిగుతాయి, అదీ ఒకే దారిన.

కానీ గిట్ట ఒక్కటే అనుకుంటే పొరపాటు. ఎర్ర నేలకు ఒక గుణం ఉంది. చినుకు నేరుగా తగిలితే పైమట్టి పిండిలా విడిపోయి, ఆ పిండి సందుల్లో కూరుకుపోయి, ఎండ కాయగానే అప్పడంలా పెచ్చు కడుతుంది. శెనక్కాయ మొలకలు ఆ పెచ్చును పగలేయలేక వంకర తిరగడం ప్రతి రైతూ చూసిందే. గుట్ట మీద కూడా అదే జరుగుతోంది. కసువు, అంటే గడ్డి, ఉన్నప్పుడు చినుకు ఆకు మీద పడి, విరిగి, మెల్లగా దిగుతుంది. గొర్రె నేల బారునా కొరికేస్తుంది, దాని పై పెదవి చీలి ఉంటుంది కదా, రెండు వేళ్ల ఎత్తున్న కసువును కూడా దొరకబుచ్చుకుంటుంది. మేకకు నేల మీద కంటే పొద మీద ధ్యాస ఎక్కువ, వెనక కాళ్ల మీద లేచి మరీ చిగుళ్లు తెంపుతుంది. ఒకటి కింద ఊడ్చి, ఇంకొకటి పైన ఊడిస్తే చినుకుకు అడ్డం ఏముంటుంది? మిగిలేది తంగేడు, వెంపలి లాంటివి, జీవాలు పెద్దగా ముట్టనివి. సర్కారు కంప సంగతి ఇంకో రకం. దాని కాయలు జీవాలే తిని, విత్తనాలను పెంటికలతో పాటు గుట్టంతా చల్లి వస్తాయి.

ఇంత మాట్లాడి ఇంకో మాట చెప్పకపోతే అన్యాయం. నా చిన్నప్పుడు మా నాయన మామ మందను చేనిలో కట్టించుకోవడానికి నెల ముందే చెప్పి పెట్టుకునేవాడు. రాత్రికి ఇన్ని గింజలని మాట, కాపర్లకు సంగటీ ఊరుబిండీ మా ఇంటి నుంచే. నాలుగు రాత్రులు మంద ఒక చోట, ఇంకో నాలుగు రాత్రులు పక్క చోట. పెంటికలూ ఉచ్చా ఎక్కడివక్కడ పడేవి, తర్వాత దున్నితే నేల రెండేళ్లు మాట వినేది. ఇప్పుడూ కడతారు, గింజల బదులు డబ్బులు. మంద కట్టిన చోట దున్నకముందు పైపు పెట్టి చూస్తే తొమ్మిది నిమిషాలు, దున్నిన తర్వాత రెండున్నర. అవే గిట్టలు, అవే గొర్రెలు. పొడి నేల మీద, నాలుగు రాత్రులే ఉండి, తర్వాత పోతే నేలకు బలం. తడి నేల మీద, రోజూ, వాలు మీద అయితే రోకలి పోటు. ఈ తేడా నాకు మామే చెప్పాడు. "వాన పడిన మర్నాడు గుట్టెక్కితే గిట్ట దిగతాది, ఆ గుంత ఎండితే ఇటుకే. ఆ సంగతి మాకు తెలీదా? తెలుసు. కానీ ఆ పొద్దు కడుపెవురు నింపుతారు వాటికి?"

ఇక్కడే అసలు ముడి ఉంది. మూడు నెలల ఎండల తర్వాత మొదటి పదును వాన పడగానే కసువు పచ్చగా తలెత్తుతుంది. అది ఆకుల్లో కాదు, వేర్లలో దాచుకున్న బలంతో లేస్తుంది. ఆ నెల రోజుల్లో రెండు మూడుసార్లు కొరికితే వేరు చిక్కిపోతుంది, చిక్కిన వేరు మట్టిని పట్టుకోదు. గొర్రెలు ఎండాకాలమంతా కంపకాయలూ ఎండుటాకులూ తిని ఎముకల గూళ్లయి ఉండేది సరిగ్గా అప్పుడే. గుట్టకు విశ్రాంతి కావాల్సిన నెలా, గొర్రెకు తిండి కావాల్సిన నెలా ఒకటే. ఈ ముడి విప్పకుండా "మేత ఆపండి" అని ఎవరు చెప్పినా అది ఉపన్యాసమే.

ఎండాకాలం ముందు గుట్టకు నిప్పు పెట్టడం ఇంకొకటి. ఎండిన బోద గడ్డిని కాలిస్తే మొదటి చినుకుకు లేత చిగురు వస్తుందని నమ్మకం. చిగురు వచ్చేమాట నిజమే. దాని ముందు పడే వాన మాత్రం బూడిద మీద, ఉత్త నేల మీద పడుతుంది. నిప్పు ఎవరు పెడతారో ప్రతి ఊళ్లోనూ తెలుసు, ఏ ఊళ్లోనూ చెప్పరు.

ఎక్కడో చదివిన సుఖోమాజ్రి కథ మామకు చెప్పా. చండీగఢ్‌లో సుఖ్నా అని ఒక చెరువు ఉంది, 1958లో కట్టారు. కొన్నేళ్లకే మట్టితో పూడిపోసాగింది. మట్టి ఎక్కడి నుంచి వస్తోందని పైకి పోయి చూస్తే, శివాలిక్ కొండల్లో హర్యానా వైపున్న సుఖోమాజ్రి అనే పల్లె. జీవాలు మేసి కొండలు బోడి అయిపోయాయి. పి.ఆర్. మిశ్రా అనే మట్టి శాస్త్రవేత్త అక్కడికి పోయి కంచెలు కట్టలేదు. 1976 నుంచి కొండ మడతల్లో చిన్న చిన్న మట్టి కట్టలు వేయించి, ఆ నీళ్లు ఊరికిచ్చాడు. భూమి ఉన్నా లేకపోయినా ఇంటింటికీ సమాన వాటా. దానికి బదులుగా కొండ మీదికి జీవాలను తోలబోమని ఊరు మాట ఇచ్చింది. మేకలు తగ్గి బర్రెలు పెరిగాయి, చెరువుకు వచ్చే మట్టి బాగా తగ్గింది.

మామ అంతా విని, "మేకల్నమ్మి బర్రెల్ని కొన్నారా? ఇంగ మనూళ్లో బర్రెకు నీళ్లు నీ షాపులోంచి తెస్తావా?" అన్నాడు. ఆ మాటా కరెక్టే. వాళ్ల వాన వేరు, మాది వేరు. ఏడాదికి అటూ ఇటూ ఐదు వందల యాభై మిల్లీమీటర్లు, అదీ రాసిపెట్టినట్టు రాదు. అయితే ఆ కథలో నాకు నచ్చింది బర్రెలు కాదు, వాటా. ఆపమని అడిగేవాడు ముందు ఏదో ఒకటి చేతిలో పెట్టాలి.

2022లో మే నెలాఖరున రాములోరి గుడి కాడ కూర్చున్నాం. వాలు కింద చేలున్న ఐదుగురం, జీవాలున్న ముగ్గురు. పంచాయతీ పెద్దగా నడవలేదు, టీలు మాత్రం మూడుసార్లు వచ్చాయి. చివరికి తేలింది ఏమంటే, మా చేల వైపు వాలు మొదటి పదును నుంచి దసరా దాకా వదిలెయ్యాలి. జీవాలు అవతలి వాలు మీదే మేయాలి. దానికి బదులు మా ఐదుగురి చేలలో శెనక్కట్టెలో, అంటే కాయ కోశాక మిగిలే ఎండుమేతలో, మూడో వంతు కాపర్లది. దసరా తర్వాత, కసువు పూసి గింజ రాలాక, వాళ్లిష్టం. ఆ ఎండుకసువు మేయకుండా వదిలినా ప్రమాదమే, ఫిబ్రవరిలో ఒక్క బీడీ ముక్క చాలు.

మామ ఒక షరతు పెట్టాడు. అవతలి వైపు నీళ్లు లేవు. జీవాలు తాగేది మా చేని పక్క కుంటలోనే, అందుకే దారులన్నీ మా గట్టు మీదుగా వచ్చి కలుస్తున్నాయి. నాకప్పుడు బుద్ధి వచ్చింది. దారులు కోతలుగా మారింది మేతకు కాదు, నీళ్లకు. అవతలి వైపు ఒకాయన బోరు ఉంది, దాని మోటారు నా చేతి మీదే మూడుసార్లు చుట్టింది. ఆయన్ని బతిమాలి, నాలుగు వందల అడుగుల పైపు వేసి, సిమెంటు తొట్టి ఒకటి కట్టించా. పైపు ఖర్చు నాది, కరెంటు ఆయన వ్యవసాయ కనెక్షన్‌దే. ఈ మొత్తం వ్యవహారంలో గట్టిగా పనిచేసింది ఏదంటే ఆ తొట్టే అంటా. మాటలు తప్పినా, తొట్టి ఉన్న వైపే గొర్రెలు పోతాయి.

పాత దారుల్లో రాళ్లు అడ్డం వేసి, తంగేడు కొమ్మలు తొక్కిపెట్టాం. చేనిలో దున్నకం అడ్డానికి మార్చా. ట్రాక్టరోడు గంటకు ఇంత ఎక్కువ అన్నాడు, ఇచ్చా. గట్ల మీద స్టైలో హెమాటా అనే పశుగ్రాసం విత్తనం చల్లా. అది సగం చీమల పాలయింది, మిగతా సగం మొలిచింది.

ఆ ఏడాది వానలు బాగా పడ్డాయి. మోకాటి దాకా కసువు, ఊళ్లో పిల్లలు చూడని పూలు కూడా పూశాయి. మా అవ్వ ఒక కసువును పేరు పెట్టి పిలిచి, చీపుర్లు కట్టుకునేవాళ్లమంది. దసరా తర్వాత మామ జీవాలను తోలితే, అవి నడుము లోతు ఎండుకసువులో తలలు మాత్రమే కనపడేట్టు మేశాయి. అంతా హాయే అనుకోకండి. కసువు లేచేసరికి చిరుత జాడ కనపడిందని కాపర్లు భయపడ్డారు, ఒక గొర్రెపిల్ల పోయింది. చిరుతే పట్టిందో, మనిషే పట్టాడో తేల్లేదు.

2023లో ఆగస్టు నెలంతా ఎండ. జూలైలో పడిన పదునుకు వేసిన శెనక్కాయ పూత మీద మాడింది. చేలలో కట్టే రానప్పుడు మూడో వంతు ఎక్కడి నుంచి ఇస్తాం? సెప్టెంబరు మొదట్లో మామ షాపుకొచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. ఏమీ అడగలేదు. టీ తాగి, "పిల్లల తల్లులు పాలకు రావడంల్యా" అన్నాడు. ఆ సాయంత్రం మిగతా నలుగురికీ ఫోన్ చేశా. వాలు తెరిచేశాం. నెల తిరిగేలోపు మొత్తం నున్నగా అయింది, ఆ తర్వాత ఆయన మంద తోలుకుని కడప వైపు వలస పోయాడు. ఆ ఏడు కట్టడి తెగిందని నాకు బాధ లేదు. ఒక ఏడు తెరిచినందుకు కసువు చావలేదు, 2024 జూన్‌లో మళ్లీ లేచింది. వేరు బతికి ఉంటే చాలు.

2024 డిసెంబరులో పైపు తీసుకుని మళ్లీ అవే చోట్లకు పోయా. మేసిన నేల మీద పదకొండు నిమిషాలున్నది నాలుగుకు దిగింది. దారి మీద యాభై దాటినది ఇరవై. దారి అంత సులువుగా మెత్తబడదు, మూడేళ్లకు కూడా పూర్తిగా మానలేదు. గులకరాళ్ల కింద మండపాలు మాత్రం కొత్తగా కనపడలేదు. వానప్పుడు వంకలో పారే నీళ్లు అడుగు కనపడేంత తేటగా ఉంటున్నాయి, వాన ఆగాక ఒక పూటతో ఎండిపోయేది ఐదారు రోజులు సన్నగా పారుతోంది. నా చేని కిందున్న పాత బావిలో నీళ్లు చూసి ఎన్నేళ్లయిందో, ఆ ఏడు సంక్రాంతికి తాడుకు అందాయి.

ఇక్కడితో ఆపితే బాగానే ఉండేది. కానీ వంక కింద చెరువు ఉంది, చెరువు కింద మళ్లున్నవాళ్లు ఉన్నారు. ఒకప్పుడు చిన్న వాన పడితే చాలు, మా బోడి గుట్ట నీళ్లన్నీ ఉరుక్కుంటూ పోయి చెరువులో పడేవి. ఎర్రటివే, మట్టి కలిసినవే, కానీ పడేవి. ఇప్పుడు చిన్న వానలన్నీ గుట్టే తాగేస్తోంది. పెద్ద వాన వస్తే తప్ప చెరువులోకి చుక్క పోవడం లేదు. చెరువులో మట్టి పేరుకోవడం తగ్గిందని నేను చెబితే, "మట్టి లేని ఉత్త చెరువును ఏం చేసుకోవాల?" అని ఒకాయన అడిగాడు. ఇంకిన నీళ్లు కింద బోర్లకే వస్తాయని పుస్తకం చెబుతుంది. ఏ బోరుకు, ఎన్నాళ్లకు, అనేది బండ పగుళ్లను బట్టి ఉంటుంది. ఆ మాట చెబితే వినేవాడికి అది సాకులానే ఉంటుంది.

మొన్న శనివారం ఆ చెరువు కింది ఆయనే మోటారు తెచ్చాడు. ఐదు హెచ్‌పీ, విప్పి చూస్తే కాయిలు బొగ్గు. నీళ్లు లేకుండా తిరిగింది. ఆయన గడప మీద కూర్చుని నేను పాత తీగ పీకుతుంటే చూస్తూ, "నీ చేతికి పని తెచ్చేది కూడా నువ్వేనబ్బా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేను తల ఎత్తలేదు. సాయంత్రానికి చుట్టి, వార్నిష్ పెట్టి, టెస్టు చేసి ఇచ్చా. బిల్లులో కూలి ఐదు వందలు కొట్టేశా. ఆయన కాగితం చూసి, జేబులోంచి ఇంకో ఐదు వందలు తీసి, బల్ల మీద పెట్టి, పైన స్క్రూడ్రైవరు బరువు పెట్టి పోయాడు.

ఈ ఆదివారం గుడి కాడ మళ్లీ కూర్చుంటున్నాం. ఈసారి చెరువు కిందివాళ్లను కూడా రమ్మన్నాం. మామ ఫోన్ చేసి పైపు ముక్క తెమ్మన్నాడు, దేనికని అడిగితే చెప్పలేదు.